పాత కార్టూన్ల డిస్కులు సేకరించడం ఎలా: పెట్టెలు కాదు, బొమ్మలు లెక్కపెట్టండి

టామ్ అండ్ జెర్రీ అనగానే మనకు టీవీయే గుర్తొస్తుంది. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలోకి వచ్చాక, బడి నుంచి రాగానే సంచీ మూలన పడేసి టీవీ ముందు కూర్చున్న తరం మాది. కానీ ఆ బొమ్మల్ని టీవీ కోసం తీయలేదు. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా తీసిన మొదటి బొమ్మ 'పస్ గెట్స్ ద బూట్' 1940 ఫిబ్రవరిలో అమెరికా థియేటర్లలో అసలు సినిమాతో పాటు వేసే చిన్న బొమ్మగా విడుదలైంది. పెద్ద తెర మీద, టెక్నికలర్‌లో, నిండు ఆర్కెస్ట్రాతో, పిల్లలూ పెద్దలూ కలిసి చూడటానికి తీసిన తొమ్మిది నిమిషాల సినిమా అది. దాన్ని అలా చూడాలన్న కోరిక మీకూ కలిగితే డిస్కుల వేట మొదలుపెట్టాల్సిందే. ఆ వేట ఎలా చేయాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందే ఒక మాట. ఈ వ్యవహారంలో అందరం చేసే తప్పు పెట్టెలు పోగుచేయడం. అట్ట మీద 'కంప్లీట్', 'క్లాసిక్', 'గోల్డెన్' అని కనిపించగానే కొనేస్తాం. కొన్నాళ్లకు అలమార నిండుతుంది గానీ, మనకు ఇష్టమైన బొమ్మ మాత్రం వాటిలో దేనిలోనూ ఉండదు. ఉన్నా, మధ్యలో కోత పడి ఉంటుంది. కాబట్టి మీ లెక్క ఎప్పుడూ ఏడు నిమిషాల బొమ్మదే కావాలి.

1. ముందు హద్దు గీసుకోండి

అమెరికన్ కార్టూన్ల స్వర్ణయుగం మొత్తం కావాలనుకుంటే జీవితం చాలదు. ఒక్క వార్నర్ బ్రదర్స్ స్టూడియోయే 1930 నుంచి 1969 దాకా లూనీ ట్యూన్స్, మెర్రీ మెలడీస్ పేర్లతో వెయ్యి దాకా బొమ్మలు తీసింది. అవి కాక డిస్నీ, ఎంజీఎం, పొపాయ్ తీసిన ఫ్లైషర్, వుడీ వుడ్‌పెకర్ తీసిన వాల్టర్ లాంట్జ్ ఉన్నారు.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది ఒకటే: హన్నా, బార్బెరా ఎంజీఎంలో తీసిన టామ్ అండ్ జెర్రీలతో మొదలుపెట్టండి. 1940 నుంచి 1958 దాకా 114 బొమ్మలు. మొదలూ చివరా ఉన్న లెక్క. ఏడు ఆస్కార్లు గెలిచిన వరస. ఆ తర్వాత జీన్ డైచ్ తీసిన 13, చక్ జోన్స్ తీసిన 34 వేరే కుటుంబం. వాటి గీత వేరు, సంగీతం వేరు. వాటిని తర్వాత చూసుకోవచ్చు.

పాత్ర కన్నా దర్శకుడు ముఖ్యమనుకునేవారు చక్ జోన్స్‌నో, బాబ్ క్లాంపెట్‌నో, టెక్స్ ఏవరీనో పట్టుకోండి. రెండు మూడు నెలలు చూస్తే, పేర్లు పడకముందే ఇది ఎవరి బొమ్మో మీ కన్ను చెప్పేస్తుంది.

2. నోటుబుక్కు తెరవండి

ఒక్క డిస్కు కూడా కొనకముందే జాబితా రాయండి. ఒక్కో బొమ్మకు ఒక్కో వరుస: పేరు, విడుదలైన సంవత్సరం, దర్శకుడు, నిడివి. పక్కన ఖాళీ గడులు: ఏ డిస్కులో ఉంది, మొదటి టైటిళ్లు ఉన్నాయా, కోతలున్నాయా. కంప్యూటర్లో చేసుకున్నా సరే. నేను మాత్రం రూళ్ల నోటుబుక్కులోనే రాశాను. పాత డిస్కులు వెతకడానికి వెళ్లినప్పుడు చేతిలో అదే ఉంటుంది.

ఈ జాబితా ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. చక్ జోన్స్ తీసిన 'వేట త్రయం' అని అభిమానులు పిలుచుకునే మూడు బొమ్మలున్నాయి. బగ్స్ బన్నీ, డాఫీ డక్, వేటగాడు ఎల్మర్ ఫడ్, 'ఇది కుందేళ్ల సీజనా, బాతుల సీజనా' అన్న వాదన. 'రాబిట్ ఫైర్' 1951లో, 'రాబిట్ సీజనింగ్' 1952లో, 'డక్! రాబిట్, డక్!' 1953లో వచ్చాయి. వరసగా చూస్తే ఆ వాదన ఎలా పదునెక్కిందో తెలుస్తుంది. లూనీ ట్యూన్స్ గోల్డెన్ కలెక్షన్ డీవీడీల్లో మొదటి రెండూ మొదటి సంపుటంలో, మూడోది మూడో సంపుటంలో ఉన్నాయి. మొదటి పెట్టె కొని ఊరుకున్నవారికి కథలో చివరి భాగం దక్కదు. మీ జాబితాలో ఆ మూడూ పక్కపక్కనే ఉంటే ఏం కొనాలో అదే చెబుతుంది.

3. ఏ పెట్టెలో ఏముందో తెలుసుకోండి

లూనీ ట్యూన్స్ గోల్డెన్ కలెక్షన్ 2003 నుంచి 2008 దాకా ఏడాదికొకటి చొప్పున ఆరు సంపుటాలు వచ్చాయి. ఒక్కోదానిలో నాలుగు డీవీడీలు, అరవైకి అటూఇటూ బొమ్మలు. చరిత్రకారుల వ్యాఖ్యానాలు, సంగీతం మాత్రమే వినిపించే ట్రాకులు కూడా ఉన్నాయి. ఈ బొమ్మలకు సంగీతం కట్టిన కార్ల్ స్టాలింగ్ పనిని మాటలు లేకుండా వినడానికైనా ఇవి కొనవచ్చు. తర్వాత బ్లూరేలో 2011, 2012, 2014లలో ప్లాటినం కలెక్షన్ మూడు సంపుటాలు వచ్చాయి, ఒక్కోదానిలో 50 బొమ్మలు. 2020లో బగ్స్ బన్నీ ఎనభయ్యో పుట్టినరోజు పెట్టె, 60 బొమ్మలతో. 2023 నుంచి వార్నర్ ఆర్కైవ్ (పాత సినిమాల డిస్కులు తెచ్చే వార్నర్ విభాగం) వారు కలెక్టర్స్ చాయిస్ పేరుతో, అంతకుముందు డీవీడీల్లో సరిగా దొరకని బొమ్మల్ని వెతికి మరీ తెచ్చారు. అప్పటికే పాత పెట్టెలున్నవారికి ఇవి వరం.

టెక్స్ ఏవరీ ఎంజీఎంలో తీసినవి 'స్క్రూబాల్ క్లాసిక్స్' పేరుతో మూడు బ్లూరేలుగా 2020, 2021లలో వచ్చాయి. నన్నడిగితే డబ్బుకు తగ్గ విలువలో వీటిని మించినవి లేవు. పొపాయ్‌కి 2007, 2008లలో వచ్చిన మూడు డీవీడీ సంపుటాలు, తర్వాత 1940ల బొమ్మలతో వచ్చిన మూడు బ్లూరేలు ఉన్నాయి. డిస్నీవి 2001 నుంచి 2009 దాకా రేకు డబ్బాల్లో పరిమిత సంఖ్యలో అచ్చేసి అమ్మారు, సినీ చరిత్రకారుడు లెనర్డ్ మాల్టిన్ పరిచయాలతో. ఇప్పుడవి సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి, ధర కూడా గట్టిగానే ఉంటుంది.

టామ్ అండ్ జెర్రీ కథ కొంచెం బాధాకరం. 2011లో గోల్డెన్ కలెక్షన్ మొదటి సంపుటం బ్లూరేలో వచ్చింది. మొదటి 37 బొమ్మలు వరస తప్పకుండా, కోత లేకుండా. అభిమానులు పండగ చేసుకున్నారు. రెండో సంపుటం 2013లో వస్తుందని ప్రకటించారు. కానీ వరసలో 38వదైన 'మౌస్ క్లీనింగ్'ని, 'కాసనోవా క్యాట్'ని అందులోంచి తీసేశారని తెలిసి గొడవైంది. జాతిని కించపరిచే దృశ్యాలున్నాయన్నది తీసేయడానికి కారణం. చివరకు ఆ సంపుటమే ఆగిపోయింది. అందుకే టామ్ అండ్ జెర్రీ పాత పెట్టెకు ఎక్కువ ధర పెట్టే ముందు, వార్నర్ ఆర్కైవ్ వారి కొత్త విడుదలల పట్టిక ఒకసారి చూడండి. పాతదానికి వేలు పోశాక అంతకన్నా మంచి ప్రింట్ తక్కువ ధరకు వస్తే మనసు కలుక్కుమంటుంది.

ఒక జాగ్రత్త. ఫ్లైషర్ స్టూడియో మొదలుపెట్టిన 17 సూపర్‌మ్యాన్ బొమ్మలు (1941-43), పొపాయ్ రంగుల ప్రత్యేక చిత్రాలు మూడు, వార్నర్ పాత బొమ్మలు కొన్ని కాపీరైటు పునరుద్ధరించకపోవడంతో ఎప్పుడో అందరి సొత్తయ్యాయి. అందుకే వాటిని చవక డిస్కుల్లో ఎవరుపడితే వారు వేశారు. వెలిసిపోయిన 16 ఎం.ఎం. ప్రింట్ నుంచి, వీహెచ్ఎస్ టేపు నుంచి ఎత్తినవే ఎక్కువ. ఒకే బొమ్మ ఒకచోట మురికినీళ్లలా, ఇంకోచోట నిన్న గీసినట్టు ఉంటుంది.

4. ప్రింట్‌ని చదవడం నేర్చుకోండి

అసలు సేకరణ అంటే ఇదే. నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది టైటిళ్లు. 1943 నుంచి వార్నర్ వారు పాత బొమ్మల్ని 'బ్లూ రిబ్బన్' పేరుతో మళ్లీ విడుదల చేశారు. అప్పుడు మొదట్లో ఉన్న టైటిల్ కార్డును, పనిచేసినవారి పేర్లను కత్తిరించి, నీలి రిబ్బన్ ఉన్న కొత్త కార్డు అతికించారు. కోత నకళ్లకు కాదు, మూల నెగెటివ్‌కే పడింది. అందువల్ల ఎన్నో బొమ్మలకు మొదటి కార్డులు దొరకడం లేదు. మీ డిస్కులో బొమ్మ మొదట్లో రిబ్బన్ కనిపిస్తే నోటుబుక్కులో 'రీఇష్యూ' అని రాసుకోండి. కొత్త బ్లూరేలో అదే బొమ్మ మొదటి కార్డుతో వస్తే, అది రెండోసారి కొనదగ్గ కారణమే. ఆ కార్డు మీద యానిమేటర్ పేరుంటుంది. ఎనభై ఏళ్ల కిందట ఒక మనిషి వేల బొమ్మలు చేత్తో గీశాడు. అతని పేరు తెర మీద కనిపించాలి కదా.

రెండోది కోతలు. టామ్ అండ్ జెర్రీలో ఇంటి పని చేసే నల్లజాతి స్త్రీ ఉంటుంది, మనకు కాళ్లే కనిపిస్తాయి. ఆ పాత్రకు మొదట గొంతిచ్చింది లిలియన్ రాండాల్ఫ్. తర్వాత టీవీ కోసం వేరేవారితో మళ్లీ చెప్పించారు. 1960లలో కొన్ని బొమ్మల్లో ఆ పాత్రను పూర్తిగా తీసి వేరే మనిషిని గీసి పెట్టారు. బాంబు పేలాక ముఖం నల్లబడే హాస్యాన్ని టీవీ ప్రింట్లలో చాలాచోట్ల కత్తిరించారు. ఆ హాస్యం తప్పే. లూనీ ట్యూన్స్ మూడో సంపుటం మొదట్లో హూపీ గోల్డ్‌బర్గ్ కనిపించి, ఇవి అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే, అయినా లేవన్నట్టు దాచేయడం సరికాదు అన్న అర్థం వచ్చేలా చెబుతుంది. నా అభిప్రాయమూ అదే. సేకరించేవారి దగ్గర పూర్తి ప్రింట్ ఉండాలి, దాని గురించి పిల్లలకు చెప్పే మాటలూ ఉండాలి.

మూడోది గీత. దీన్ని దగ్గర నుంచి చూడాలి. డిస్కు తయారీలో ఫిల్మ్ మీది మచ్చలు, గీతలు తుడిచే యంత్రాలు వాడతారు. వాటిని మితిమీరి వాడితే, వేగంగా కదిలే నల్లగీతను కూడా మచ్చ అనుకుని చెరిపేస్తాయి. సేకర్తలు దీన్ని డీవీఎన్ఆర్ అని తిట్టుకుంటారు. పరీక్ష తేలిక: టామ్ పరుగెత్తే చోట ఆపి, ఒక్కో ఫ్రేమూ ముందుకు జరపండి. మీసాలు మూడు కాస్తా ఒకటవుతాయి. వేళ్ల అంచు తెగి, చేతి రంగు వెనకున్న గోడలోకి కారిపోతుంది. తర్వాతి ఫ్రేములో కదలిక ఆగగానే మీసాలు తిరిగి మొలుస్తాయి. మామూలు వేగంలో చూస్తే తప్పు పట్టుకోలేం గానీ, బొమ్మ ఎందుకో మసగ్గా, ఊపిరి లేనట్టు అనిపిస్తుంది. ఆ ఆపిన ఫ్రేములోనే అడ్డంగా దువ్వెన పళ్లలా చారలు కనిపిస్తే ఇంటర్‌లేసింగ్ (ఫ్రేమును అడ్డగీతలుగా విడగొట్టి చూపే పాత టీవీ పద్ధతి) సరిగా తీయని మూల కాపీ నుంచి డిస్కు చేశారని అర్థం.

నాలుగోది చట్రం. 1953కి ముందు బొమ్మలన్నీ దాదాపు చదరపు తెరకు గీసినవి. 1950ల మధ్య నుంచి టామ్ అండ్ జెర్రీలు కొన్ని సినిమాస్కోప్‌లో వచ్చాయి, అవి బాగా వెడల్పు. చదరపు బొమ్మ మీ టీవీ అంతటా నిండి కనిపించిందంటే పైనా కిందా కోసినా కోసి ఉండాలి, సాగదీసినా సాగదీసి ఉండాలి. రెండూ వద్దు. పక్కన నల్లపట్టీలు ఉంటేనే బొమ్మ పూర్తిగా ఉన్నట్టు.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఎంజీఎం బొమ్మల్ని వార్నర్ వాటితో పోల్చి తప్పుపట్టకండి. ఆ రోజుల్లో ఫిల్మ్ నైట్రేట్‌ది, నిప్పంటుకుంటే ఆరదు. 1978లో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్‌లో మంటలు లేచి నైట్రేట్ నెగెటివ్‌లు ఎన్నో కాలిపోయాయి. ఎంజీఎం పాత కార్టూన్లలో చాలావాటికి మూల నెగెటివ్ ఇప్పుడు లేదు, నకళ్ల నుంచే తీయాలి. ఆ కాస్త మెత్తదనం కాలం మిగిల్చిన గుర్తు.

5. ప్లేయర్ సంగతి

డిస్కు ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే గుర్తును రీజియన్ అంటారు. మన దేశం డీవీడీకి రీజియన్ 5, బ్లూరేకి రీజియన్ సి. అమెరికా డీవీడీకి 1, బ్లూరేకి ఏ. అంటే అక్కడి డీవీడీ ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవచ్చు. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ ఒకటి కొనుక్కోవడం ఒక్కసారి ఖర్చు. వార్నర్ బ్లూరేలు చాలావరకు ఏ రీజియన్లోనైనా ఆడతాయి గానీ, కొనేముందు ఆ ఒక్క విడుదల గురించి ఖాయం చేసుకోండి.

యూరప్ డీవీడీలు పాల్ అనే టీవీ పద్ధతివి. అందులో సినిమా నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. ఏడు నిమిషాల బొమ్మ పదిహేడు సెకన్లు తక్కువ చూపిస్తుంది. నోటుబుక్కులోని నిడివితో పోల్చి, కోత పడిందని కంగారు పడకండి. కానీ సంగీతం కూడా శ్రుతి పెరిగి వినిపిస్తుంది. 'ద క్యాట్ కన్సర్టో'లో టామ్ కోటు తోకలు సర్దుకుని పియానో ముందు కూర్చుని ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకారుడి రాప్సొడీ వాయిస్తుంటే, లోపల పడుకున్న జెర్రీ సుత్తుల దెబ్బలకు ఎగిరెగిరి పడతాడు. అక్కడ ప్రతి వేలూ స్వరంతో కలిసి పడుతుంది. శ్రుతి మారితే తెలిసిన చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. సంగీతం ప్రాణమైన బొమ్మలకు అమెరికా డిస్కే తెచ్చుకోండి. అన్నట్టు, అదే లిస్ట్ రాప్సొడీతో ఫ్రిజ్ ఫ్రెలెంగ్ 1946లో బగ్స్ బన్నీతో 'రాప్సొడీ రాబిట్' తీశాడు. కొద్ది నెలల తేడాతో వచ్చిన ఈ రెండిటిలో ఎవరు ఎవరిని కాపీ కొట్టారన్న గొడవ అప్పుడు పెద్దదే. రెండూ తెచ్చుకుని ఒకే రాత్రి చూడండి.

6. కొనే చోట

కొత్తవి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి డిస్కు ధరను దాటిపోవచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లుంటే, వాళ్ల ఇంటికి తెప్పించి, సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మనడం మంచిది. మా అక్క ఆవకాయ సీసాలు తీసుకెళ్లి ఖాళీ అయిన పెట్టెలో డిస్కులు తెచ్చేది. ఒకటే చెప్పాను: 'అక్కా, చేతి సంచీలో పెట్టు, చెక్-ఇన్ చేయకు.' అడుగున పడ్డ అట్టపెట్టెలో డిస్కు పట్టు తప్పి, దారంతా దొర్లుతూ గీతలు పడతాయి.

నకిలీల విషయంలో కళ్లు తెరిచి ఉండండి. చిన్నప్పుడు కోఠిలో ఒక దుకాణంలో 'మొత్తం టామ్ అండ్ జెర్రీ' అని వీసీడీ కొనిచ్చారు మా నాన్న. వీసీడీలో పట్టేది 74 నిమిషాలు, అంటే పది బొమ్మలు. అందులోనూ రెండు ఒకటే బొమ్మ. ఇప్పటికీ 114 బొమ్మలు ఒకే డిస్కులో అని అమ్మేవారున్నారు. వందకు పైగా బొమ్మల్ని ఒక డీవీడీలో కుక్కితే మిగిలేది మరకలే. డిస్కు తిప్పి చూడండి: ఫ్యాక్టరీలో అచ్చయినది వెండిరంగులో, బర్న్ చేసినది ఊదారంగులో మెరుస్తుంది. ఒక్క మినహాయింపు, వార్నర్ ఆర్కైవ్ 2009లో మొదలైనప్పుడు అడిగినవారికి అడిగినట్టు బర్న్ చేసిన డీవీడీలనే అధికారికంగా అమ్మింది. కాబట్టి ఊదారంగు చూసి వెంటనే తోసిపుచ్చకుండా అట్ట అచ్చు, అక్షరాల పదును కూడా చూడండి.

7. వచ్చిన రోజే ఆడించండి

'తర్వాత చూద్దాం' అని అలమారలో పెట్టేయకండి. ప్రతి డిస్కూ మొదటి నుంచి చివరిదాకా ఆడించాలి. డిస్కు ఒక్కచోటే చెడిపోయి ఉండవచ్చు, అది చివరి బొమ్మల్లోనైనా కావచ్చు. నేనొకసారి వాడిన పెట్టె కొని, మూడు నెలల తర్వాత చూస్తే నాలుగో డిస్కు చివరి మూడు బొమ్మలు గడ్డకట్టిపోయాయి. అప్పటికి తిరిగిచ్చే గడువు దాటింది.

2006 నుంచి 2008 మధ్య తయారైన కొన్ని డీవీడీలు చెడిపోతున్న మాట నిజమేనని వార్నర్ సంస్థే 2025లో ఒప్పుకుంది. పైకి ఒక్క గీత ఉండదు, లోపలి పొర పాడవుతుంది. లూనీ ట్యూన్స్ నాలుగు, ఐదు, ఆరు సంపుటాలు, పొపాయ్ డీవీడీలు ఆ ఏళ్లలో వచ్చినవే. వాటిని సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే, అన్నీ ఆడించి చూశారా అని అమ్మేవారిని సూటిగా అడగండి. మీ దగ్గర ఇప్పటికే ఉంటే ఈ ఆదివారమే తీసి చూడండి.

8. మన వాతావరణంలో దాచడం

డిస్కులు నిలువుగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అట్టపెట్టెలు వంగుతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్నవారు అలమారలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో మార్చండి. బీరువాలో బట్టలకు వేసినట్టు కలరా ఉండలు వేయకండి, ఆ వాసనకు కొన్ని ప్లాస్టిక్‌లు పాడవుతాయి. గోల్డెన్ కలెక్షన్‌లా మడతలు విప్పే అట్టలకు వెండిపురుగు భయం కూడా ఉంది, గోడకు ఆనకుండా పెట్టండి. తుడవాల్సి వస్తే మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా లాగండి, గుండ్రంగా తిప్పవద్దు.

9. టీవీని సరిచేయండి

ఇంత కష్టపడి తెచ్చిన ప్రింట్‌ని కొత్త టీవీ ఒక్క నిమిషంలో పాడుచేస్తుంది. ఈ బొమ్మల్లో సెకనుకు 24 ఫ్రేములుంటాయి. మామూలు కదలికకు ఒక్కో గీతను రెండు ఫ్రేములు నిలుపుతారు, వేగం కావాల్సిన చోట ఒక్కో ఫ్రేముకు ఒక్కో గీత. ఆ తేడాలోనే ఉంది టామ్ గోడకు కొట్టుకునే దెబ్బ బలం. టీవీలోని మోషన్ స్మూతింగ్ రెండు గీతల మధ్య తనకు తోచిన బొమ్మ పుట్టించి పెడుతుంది, దెబ్బ కాస్తా నూనెలో జారినట్టు అవుతుంది. సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి, కంపెనీని బట్టి పేరు మారుతుంది. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. చట్రాన్ని 4:3లోనే ఉంచండి. సరౌండ్ సౌండ్ తీసేయండి, ఈ బొమ్మల్లో చాలావరకు మోనోలో చేసినవే.

తర్వాత గదిలో దీపాలార్పి, రెండే రెండు బొమ్మలు వేయండి. పది వరసగా చూస్తే ఏదీ గుర్తుండదు. ఇంట్లో రాత్రి సినిమా పెట్టుకునే అలవాటుంటే దానికి ముందు ఒకటి వేయండి. 1940లో దాన్ని చూసినవారూ అలాగే చూశారు.